కమాండ్ లైన్ టూల్‌కి మొదటి ప్యాచ్ పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినది నాకు అర్థమైనంతవరకు ఇదీ. బీటెక్ అయి రెండేళ్లయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం. పైథాన్ బాగా వచ్చు, రస్ట్ ఆరు నెలలుగా నేర్చుకుంటున్నారు. రోజంతా టెర్మినల్‌లోనే పని కాబట్టి ఏదైనా ఓపెన్ సోర్స్ కమాండ్ లైన్ టూల్‌కి కోడ్ రాయాలనుంది. గిట్‌హబ్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (కొత్తవాళ్లు మొదలుపెట్టదగిన సమస్య) అని లేబుల్ ఉన్నవి వెతికితే ఒక్కోదాని కింద పదిమంది ‘నాకు అప్పజెప్పండి’ అని రాసి ఉన్నారు. ధైర్యం చేసి పంపిన ఒక్క పుల్ రిక్వెస్టునూ (నా మార్పు కలుపుకోండన్న అభ్యర్థన) ఏమీ చెప్పకుండా మూసేశారు. ఇప్పుడు ఎటు నుంచి రావాలి అన్నది మీ ప్రశ్న.

పన్నెండేళ్లుగా నేను ఇలాంటి టూల్స్‌కి ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చిన్న మార్పులు, పంపుతున్నాను. ఐదేళ్లుగా ఒక చిన్న టూల్‌కి వచ్చేవాటిని చూసే పని కూడా చేస్తున్నాను. రెండు వైపులా కూర్చున్నాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. ఎవరో లేబుల్ వేసిన ఇష్యూ దగ్గర వరసలో నిలబడకండి. మీరు రోజూ వాడే టూల్‌లో మీ కాలికే తగిలిన రాయి ఏదో చూసుకోండి, అదే మీ ఇష్యూ. దాని గురించి ఆ ప్రాజెక్టులో మీకన్నా బాగా తెలిసినవాళ్లు ఉండరు. మనకైతే అలాంటి రాళ్లు చాలా తేలిగ్గా దొరుకుతాయి, ఎందుకంటే మనం తెలుగులో రాస్తాం.

నా సొంత ఉదాహరణ ఒకటి పూర్తిగా చెప్తాను. ఏ ఫోల్డర్ డిస్క్‌లో ఎంత చోటు తింటోందో వరసగా చూపించే ఒక చిన్న రస్ట్ టూల్ వాడేవాణ్ని. ఒకరోజు ఇంట్లో బ్యాకప్ డిస్క్ మీద నడిపితే సగంలో ప్యానిక్ అయి ఆగిపోయింది. ఎర్రర్‌లో ఉన్నది ఏమిటంటే, 19వ బైట్ అక్షరం హద్దు కాదు, అది 18 నుంచి 21 వరకు ఉన్న ‘మ’ లోపల పడింది అని. ఏ ‘మ’ అని చూస్తే, ‘అమ్మమ్మ చెప్పిన పద్యాలు’ అనే ఫోల్డర్. మా అమ్మమ్మ చేత చెప్పించి రికార్డు చేసుకున్నవి అందులో ఉన్నాయి.

యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నీ యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కోటీ మూడు బైట్లు. ‘తెలుగు’ అన్న మాటను, చివర కొత్త లైను లేకుండా, డబ్ల్యూసీ అనే లెక్కపెట్టే కమాండ్‌కి పైప్ చేసి (ఇన్‌పుట్‌గా అందించి) బైట్లు లెక్కపెట్టమంటే 18 అంటుంది. క్యారెక్టర్లు అడిగితే 6 అంటుంది (లొకేల్ అనే భాషా సెట్టింగ్ యూటీఎఫ్-8 అయితేనే). మన కళ్లకు కనిపించేవి మాత్రం మూడే అక్షరాలు. ఆ టూల్ రాసినాయన పేరు 20 దాటితే మొదటి 19 ఉంచి చివర చుక్కలు పెట్టాలనుకున్నాడు. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించుకున్నాడు, బాగానే నడిచింది. కానీ ఆ 19 అక్షరాలు కావు, బైట్లు. రస్ట్‌లో అక్షరం మధ్యలో కోయబోతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

నాకు తోచిన మొదటి పరిష్కారం, బైట్లు మానేసి క్యారెక్టర్లు లెక్కపెట్టడం. ఒక్క లైను మార్పు. మార్చి నడిపాను. ప్యానిక్ పోయింది కానీ తెర మీద ‘అమ్మమ్మ చెప్పిన పద్…’ అని వచ్చింది. 19వ క్యారెక్టర్ సరిగ్గా పొల్లు మీద పడింది. ఆ అవతల ఉన్న ‘యా’ తెగిపోయి ఒత్తు కాస్తా పొల్లయింది. తెలుగు చదివేవాడిగా అది నాకు తప్పు. తెలుగు రాని రివ్యూయర్‌కి అందులో తప్పేమీ కనపడదు. ఈ తేడా చెప్పగలిగేది అక్కడ నేను తప్ప ఇంకొకరు లేరు.

అప్పుడు కోడ్ పంపకుండా ఇష్యూ రాశాను. ఆ ఇష్యూలో పెట్టినవి కొంచెమే: టూల్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ తయారుచేసి టూల్‌ని నడిపే రెండు కమాండ్లు, వచ్చిన ఎర్రర్ మొత్తం, రావాల్సింది ఏమిటో ఒక వాక్యం. కింద ఇంకో పేరా, ఒకే పేరుకి ఎన్ని పొడవులున్నాయో చెబుతూ. బైట్లు 65. క్యారెక్టర్లు 23. అక్షరాల గుంపులుగా లెక్కిస్తే యూనికోడ్ పాత నియమం ప్రకారం 15. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వెర్షన్ నుంచి ఒత్తక్షరాన్ని విడదీయకూడదని తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు కొత్త నియమం చేర్చారు. దాని ప్రకారం 11. వీటిలో ఏది కావాలి అని అడిగాను.

ఆ టూల్‌ని చూసుకునే మెయింటెయినర్ జవాబు చదివి కాసేపు అలా ఉండిపోయాను. ‘ఆ 20 అన్నది అక్షరాల సంఖ్య కాదు, నా పట్టికలో ఆ నిలువు వరస వెడల్పు. ఆ ఫోల్డర్ పేరు టెర్మినల్‌లో ఎన్ని గడులు పడుతుంది?’ అన్నాడు. వెడల్పు లెక్కగట్టే లైబ్రరీకి ఇచ్చి చూశాను. పొల్లు, ఎత్వం, గుడి, దీర్ఘం లాంటివాటికి అది సున్నా ఇస్తుంది, కొమ్ముకి ఒకటి ఇస్తుంది. మొత్తం 16. అంటే ఆ పేరు 20 గడుల్లో హాయిగా పట్టేస్తుంది, అసలు కోయాల్సిన పనే లేదు. నేను ఎలా కోయాలా అని చూస్తున్నాను, ఆయన ఎందుకు కోస్తున్నామో చూశాడు. ముందు కోడ్ పంపి ఉంటే తప్పు ప్రశ్నకు జవాబు పంపేవాణ్ని. అందుకే చెప్తున్నాను, బగ్ ఎంత చిన్నదైనా ముందు ఇష్యూ, తర్వాత కోడ్. అక్షర దోషం సరిదిద్దడం ఒక్కటే దీనికి మినహాయింపు.

ఆ వెడల్పు లైబ్రరీ కోసం కొత్త డిపెండెన్సీ కలపాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. టూల్ ఆధారపడే లైబ్రరీలన్నీ చూపించే ‘కార్గో ట్రీ’ నడిపి చూస్తే వేరే లైబ్రరీ ద్వారా అది అప్పటికే లోపలికి వచ్చి ఉంది. ఆ మాట పుల్ రిక్వెస్టులో మొదటి లైన్లలోనే రాశాను. మార్పు ఆరు లైన్లు, టెస్టులు మూడు: ఇంగ్లిష్ పేరు, నా తెలుగు పేరు, నిజంగానే 20 గడులు దాటే ఇంకో తెలుగు పేరు. కోయక తప్పనప్పుడు ఒత్తు తెగకుండా ఎలా కోయాలన్నది అందులో కలపలేదు. దానికి ఇంకో లైబ్రరీ కావాలి, అది వేరే చర్చ, వేరే ఇష్యూ. ఆ రెండోది తేలడానికి నెల పైనే పట్టింది. మొదటిది మూడు రోజుల్లో మెర్జ్ అయి అసలు కోడ్‌లో చేరింది. రెండూ కలిపి పంపి ఉంటే రెండూ నెల ఆగేవి, ఈలోపు తెలుగు ఫోల్డర్ ఉన్న ప్రతివాడికీ టూల్ కూలిపోతూనే ఉండేది.

మూసేసిన మీ పుల్ రిక్వెస్టు సంగతి. మీరిచ్చిన వివరాలు చూస్తే, అందులో రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్) వాక్యాల సర్దుబాటు, కొన్ని వేరియబుల్ పేర్ల మార్పు ఉన్నాయి. మీ ఉద్దేశం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ అవతలివాళ్ల వైపు నుంచి చూడండి. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమం ఇచ్చే టీషర్టు కోసం రీడ్‌మీలో ఒకటి రెండు మాటలు మార్చిన పుల్ రిక్వెస్టులు వరదలా వచ్చాయి. నిర్వాహకులు నిబంధనే మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులు మాత్రమే లెక్కలోకి వచ్చేట్టు చేయాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ రిపోలో రీడ్‌మీకి తమ పేరు కలుపుతూ వందల్లో వచ్చాయి. ఒక వీడియో పాఠం చూసి పంపిన మన దేశపు విద్యార్థులే ఎక్కువమంది. వాళ్లను తప్పుబట్టాలని నాకు లేదు, ఎవరూ సరిగ్గా చెప్పలేదు అంతే. కానీ ఆ తర్వాత నుంచి కొత్త ఖాతా, రీడ్‌మీ మార్పు కలిసి కనిపిస్తే చాలామంది మెయింటెయినర్లు చదవకుండానే మూసేస్తున్నారు. అది మీమీద తీర్పు కాదు. రెండోది నిజమైన బగ్‌తో పంపండి, అదే ప్రాజెక్టుకైనా పంపొచ్చు.

టూల్ ఎంచుకునేటప్పుడు గిట్‌హబ్‌లో దానికి పడ్డ నక్షత్రాల సంఖ్య చూడకండి. చివరి రిలీజ్ ఎప్పుడో, గత రెండు నెలల్లో బయటివాళ్ల పుల్ రిక్వెస్టులకు ఎవరైనా జవాబిచ్చారో లేదో చూడండి. జేక్యూనే తీసుకోండి, జేసన్ రూపంలో ఉన్న డేటా చదివే ప్రతివాడూ వాడేది. 1.6 వెర్షన్ 2018 నవంబర్‌లో వచ్చింది, 1.7 వచ్చేసరికి 2023 సెప్టెంబర్. ఆ మధ్య పంపినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2023లో కొత్త బృందం బాధ్యత తీసుకుంది, మళ్లీ కదలిక వచ్చింది. టూల్ గొప్పది కావడం వేరు, మీ ప్యాచ్ చూసే తీరిక ఉన్న మనిషి అక్కడ ఉండడం వేరు.

ఫోర్క్ చేయడం, క్లోన్ చేయడం, బ్రాంచ్ తీయడం మీకు ఆఫీసులో అలవాటే కాబట్టి వదిలేస్తున్నాను. కాంట్రిబ్యూటింగ్ ఫైల్ ఉంటే మొత్తం చదవండి. కోడ్ ముట్టుకోకముందే టెస్టులు మీ మెషీన్ మీద నడిపి అన్నీ పాసవుతున్నాయని చూసుకోండి. లేకపోతే తర్వాత ఫెయిలయ్యేది మీవల్లో, ముందు నుంచీ అంతేనో తెలియదు.

కోడ్ చదవడం దగ్గర చాలామంది బెదిరిపోతారు. మొత్తం చదవాలనుకుంటారు, అందుకే. అక్కర్లేదు. ఎర్రర్ మెసేజ్‌లోని మాటనో, ఆప్షన్ పేరునో పట్టుకుని కోడ్‌లో వెతకండి, అక్కడి నుంచి పైకి పాకండి. ఆ లైను ఏ కమిట్‌లో (కోడ్ చరిత్రలో భద్రపరిచిన ఒక్కో మార్పు) వచ్చిందో ‘గిట్ బ్లేమ్’ చెబుతుంది, ఎందుకలా ఉందో ఆ కమిట్ చూస్తే తెలుస్తుంది. వింతగా కనిపించే లైన్లలో సగం ఎవరిదో పాత బగ్ తీర్చడానికి పెట్టినవే ఉంటాయి. ‘పాత వెర్షన్‌లో పనిచేసేది, ఇప్పుడు చేయట్లేదు’ అన్న రకమైతే ‘గిట్ బైసెక్ట్’ వాడండి. వెయ్యి కమిట్లలో తప్పు చేసినదాన్ని పది మెట్లలో పట్టిస్తుంది. ఏ కమిట్ దగ్గర చెడిందో కనిపెట్టి ఇష్యూ కింద రాయడం కోడ్ రాసినంత విలువైన పని. నా దగ్గరికి వచ్చే ఇష్యూల్లో ఆ ఒక్క సమాచారం ఉన్నదాన్ని నేను అదే రోజు చూస్తాను.

కమాండ్ లైన్ టూల్స్‌కి ఉన్న ప్రత్యేకమైన చిక్కు, వెబ్ పని చేసినవాళ్లకు మొదట అర్థంకానిది, ఇంకొకటుంది. వీటిని మనుషులకన్నా స్క్రిప్టులే ఎక్కువ వాడతాయి. ఫైళ్లలో వెతికే గ్రెప్‌కి మాట దొరికితే ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు టూల్ తిరిగిచ్చే అంకె) 0, దొరక్కపోతే 1, తప్పు జరిగితే 2. దీన్ని నమ్ముకుని ఎన్ని స్క్రిప్టులు నడుస్తున్నాయో లెక్కలేదు. కాబట్టి ఔట్‌పుట్‌లో ఒక ఖాళీ ఎక్కువైనా, హెచ్చరిక స్టాండర్డ్ ఎర్రర్‌కి (ఎర్రర్ సందేశాలకు వేరుగా ఉన్న దారి) బదులు స్టాండర్డ్ ఔట్‌పుట్‌లోకి పోయినా, ఎక్కడో ఎవరి రాత్రి పూట జాబో విరుగుతుంది. మీరు అందంగా ఉందని చేసిన మార్పును మెయింటెయినర్ వద్దంటే కారణం ఇదే అయ్యుంటుంది. మీ మార్పును పంపేముందు నాలుగు రకాలుగా నడపండి. మామూలుగా ఒకసారి, ఔట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించి ఒకసారి (రంగుల కోడ్లు ఫైల్‌లోకి పోకూడదు), ‘హెడ్’కి (మొదటి కొన్ని లైన్లే తీసుకుని ఆపేసే కమాండ్) పైప్ చేసి ఒకసారి, ఖాళీ ఇన్‌పుట్‌తో ఒకసారి. రస్ట్‌లో మామూలు ప్రింట్ మ్యాక్రో వాడితే ‘హెడ్’ పైప్ మూసేయగానే ప్యానిక్ అవుతుంది. ఇది నేను రివ్యూలో ఎన్నిసార్లు పట్టుకున్నానో.

కొత్త ఆప్షన్ కలపాలన్న కోరికతో మొదలుపెట్టకండి. ఒక ఆప్షన్ చేరిందంటే దానికి హెల్ప్‌లో వివరణ, మ్యాన్ పేజీ, బాష్, జెడ్‌ఎస్‌హెచ్, ఫిష్ షెల్స్‌కి కంప్లీషన్లు (ట్యాబ్ నొక్కితే మాట పూర్తయ్యే ఏర్పాటు), టెస్టులు, అన్నీ మోయాలి. ఒకసారి రిలీజ్ అయ్యాక తీసేయడం దాదాపు కుదరదు. మీకు ఒక సాయంత్రం పని, వాళ్లకు పదేళ్ల బాధ్యత. బగ్ సరిచేయడంలో ఆ బరువు లేదు.

మొదటి పుల్ రిక్వెస్టులో బిల్డ్ స్క్రిప్టుల జోలికి పోకండి, టెస్టు కోసమని బైనరీ ఫైళ్లు పెట్టకండి. దీనికి కారణం 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) వ్యవహారం. ఏళ్ల తరబడి ఓపిగ్గా ప్యాచ్‌లు పంపి నమ్మకం సంపాదించుకున్న ఒక మారుపేరు మనిషి, అలిసిపోయిన మెయింటెయినర్ దగ్గర సహ మెయింటెయినర్ అయ్యి, టెస్టు ఫైళ్ల రూపంలో దొంగదారి దాచిపెట్టాడు. 5.6.0, 5.6.1 రెండు రిలీజుల్లోనూ అది ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వబట్టి దొరికింది. అప్పటి నుంచి కొత్తవాళ్ల ప్యాచ్‌ని మేం రెండుసార్లు చదువుతున్నాం. మీరు మంచివారని మాకు తెలిసే దారి మీ మార్పు చిన్నదిగా, కంటికి ఆనేట్టు ఉండడమే.

ఏఐ గురించి కూడా అడిగారు. కోడ్ అర్థం చేసుకోవడానికి వాడుకోండి, నేనూ వాడతాను. కానీ పంపే ప్రతి లైనూ ఎందుకుందో మీ మాటల్లో చెప్పగలగాలి. రివ్యూలో అడిగిన ప్రశ్నను కూడా దానికే ఇచ్చి వచ్చిన జవాబును అతికిస్తే రెండో సందేశానికే తెలిసిపోతుంది, ఆ తర్వాత మీ పేరు కనపడితే తెరవరు. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ టూల్ రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్ ఏఐతో తయారైన భద్రతా రిపోర్టులు తన సమయాన్ని ఎలా తినేస్తున్నాయో 2024 నుంచీ బహిరంగంగా రాస్తూనే ఉన్నారు. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులైతే అదే ఏడాది ఏఐ రాసిన కోడ్ వద్దని నియమమే పెట్టాయి. పంపేముందు ఆ ప్రాజెక్టు నియమం ఏమిటో చూడండి. వాడి ఉంటే దాచకండి.

ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమాని. చాలా కంపెనీల అపాయింట్‌మెంట్ లెటర్లలో ఇంతకంటే వెడల్పైన వాక్యాలు ఉంటాయి. మీ లెటర్ తీసి చదవండి. మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి ఒక ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. సొంత ల్యాప్‌టాప్, సొంత సమయం, సొంత ఈమెయిల్ వాడండి. కొన్ని ప్రాజెక్టులు కమిట్ కింద ‘సైన్డ్ ఆఫ్ బై’ లైను అడుగుతాయి. గిట్‌లో కమిట్ చేసేటప్పుడు మైనస్ చిన్న ఎస్ (-s) ఇస్తే అదే పెడుతుంది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మీరు మాట ఇస్తున్నట్టు. అందుకే ముందు ఆ హక్కు ఉందో లేదో తేల్చుకోమంటున్నాను. గ్నూ కోర్‌యుటిల్స్ (డబ్ల్యూసీ, హెడ్ లాంటి కమాండ్ల కట్ట) లాంటివాటికి పెద్ద మార్పు పంపితే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌తో కోడ్ హక్కుల కాగితాలు కూడా రాసుకోవాలి. దానికి యజమాని సంతకం అవసరం కావచ్చు.

పంపాక ఏం చేయాలి? ఇల్లు అలకగానే పండగ కాదు. వారం పది రోజులు ఆగండి. జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి, మళ్లీ రెండు మూడు వారాలు ఆగండి. వాళ్లలో ఎక్కువమంది ఇది ఉద్యోగం అయ్యాక, పిల్లల్ని పడుకోబెట్టాక చేస్తున్నారు. రివ్యూలో ‘ఇది ఎందుకు?’ అని ఒక్క మాట రాస్తే కోపంగా ఉన్నారనుకోకండి. మన దగ్గర పెద్దవాళ్లు అలా అడిగితే తప్పు చేశామన్న అర్థం వస్తుంది కాబట్టి మనవాళ్లు వెంటనే ‘సారీ సర్’ అని కోడ్ మొత్తం మార్చేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను. అక్కడ అది నిజంగా ప్రశ్నే. కారణం చెప్పండి. మీ కారణం సరైనదైతే కోడ్ అలాగే ఉంటుంది. సర్ అనక్కర్లేదు, పేరుతో పిలిస్తే చాలు. ఇంగ్లిష్ గురించి బెంగపడ్డారు. చిన్న చిన్న వాక్యాలు రాయండి, నడిపిన కమాండ్, వచ్చిన ఔట్‌పుట్ అతికించండి. ఆ రెండూ ఉంటే వ్యాకరణం ఎవరూ చూడరు.

ఈ వారాంతంలో చేయాల్సింది ఒకటి చెప్తాను. ఒక ఫోల్డర్ తయారుచేసి అందులో తెలుగు పేర్లతో ఇరవై ఫైళ్లు పెట్టండి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘దుఃఖం’ లాంటి పేర్లు కొన్ని, చాలా పొడవైనవి కొన్ని, మధ్యలో ఖాళీ ఉన్నవి కొన్ని, ఇంగ్లిష్ కలిసినవి కొన్ని. ఫైళ్ల లోపలా తెలుగే. మీరు రోజూ వాడే పది టూల్స్‌నీ దానిమీద నడపండి: వెతికేవి, పట్టిక గీసేవి, వరసలు కోసేవి, తేడాలు చూపేవి. ఏదో ఒకటి వరస తప్పుతుంది, లేదా ఒత్తు విరుగుతుంది, లేదా కూలిపోతుంది. ఆ ఇష్యూ అప్పటికే ఎవరైనా రాశారేమో మూసేసినవాటిలో కూడా వెతకండి. ఎవరూ రాయకపోతే, పైన చెప్పినట్టు రెండు కమాండ్లతో మళ్లీ జరిపించి చూపించగలిగితే రాసేయండి. పంపేముందు ఆ ఇష్యూ ముసాయిదా ఇక్కడ పెట్టండి, నేను చదువుతాను.